కుట్లు ఆరేదాకా ఫోను మీ తలగడ దగ్గరే!

"ఆపరేషన్ బాగా అయింది, ఇక ఇంటికి వెళ్లొచ్చమ్మా" అని డాక్టరుగారు అనగానే మనకు ఎంత సంతోషం! బిల్లు కట్టటం, బట్టలు సర్దుకోవటం, గిన్నెలూ ఫ్లాస్కూ మరిచిపోకుండా సంచిలో వేసుకోవటం... ఆ హడావిడిలో ఒక్క సంగతి మాత్రం అడగటం మరిచిపోతాం. "ఇంటికి పోయినాక ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ఆ ఒక్క మాట అడగక నేను పడ్డ పాట్లు మీరు పడొద్దని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఇంటర్ దాకా చదివి, పెళ్లయి ఆత్మకూరుకు కాపురానికొచ్చిన మామూలు గృహిణిని. కడుపు మీద కుట్లతో నెల రోజులు మంచం మీద ఉన్నదాన్ని. ఆ అనుభవంతోనే చెప్తున్నాను, వినండి.

అప్పుడు ఎస్టీడీ బూత్... ఇప్పుడు చేతిలో ఫోను

మా ఆత్మకూరు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. జూరాల ప్రాజెక్టు మాకు దగ్గరే. కృష్ణ నీళ్లు దగ్గరే గానీ పెద్దాసుపత్రులు మాత్రం దూరం. హైదరాబాద్ పోవాలంటే సగం రోజు ప్రయాణంలోనే గడుస్తుంది. 2023 డిసెంబర్ నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, నిజమే. కానీ పచ్చి కుట్లతో బస్సెక్కితే ఆ కుదుపులు ఊరికే పోవు కదా!

నాకు బాగా గుర్తు. 1994లో నేను ఎనిమిదో తరగతి. మా అమ్మకు హైదరాబాద్‌లో కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన వారానికి జ్వరం పట్టుకుంది. మా నాన్న రాత్రి తొమ్మిది దాటినాక, రేటు తగ్గుతుందని, ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడేవాడు. మీటరు గిర్రున తిరుగుతుంటే ఆయన గుండె అంతకన్నా జోరుగా కొట్టుకునేదట! అవతల ఎవరో ఎత్తి, "డాక్టర్ లేరు, పొద్దున చెయ్యండి" అనేవారు. పొద్దున చేస్తే రేటు ఎక్కువ. చివరకు అమ్మను జీపులో పడుకోబెట్టి తీసుకుపోయారు. దేవుడి దయవల్ల బతికి బయటపడింది.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న మాట్లాడారు. అప్పటి నుంచి ఇప్పటికి ఎంత మారిపోయింది! కూరగాయల బండి అతని చేతిలో కూడా ఫోనే. అయినా ఆపరేషన్ అయిన ఆడమనిషి పక్కన మాత్రం ఆ ఫోను ఉండదు. ఎందుకని?

నా సంగతి చెప్తాను

నాకు గర్భసంచిలో గడ్డలున్నాయని, మందులకు తగ్గట్లేదని, పట్నంలో ఒక ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఈ ఆపరేషన్ మన వైపు ఎంత ఎక్కువో మీకు తెలుసా? 2015–16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ అయితే, తెలంగాణలో నూటికి దాదాపు ఎనిమిది మందికి అయిందని తేలింది. అంటే మన వాకట్లో ముగ్గు వేస్తూ ఎదురింటి వదినెనూ పక్కింటి అక్కనూ లెక్కపెట్టుకుంటే ఎవరో ఒకరు దొరుకుతారు. కాబట్టి ఇది నా ఒక్కదాని గోడు కాదు.

అయిదో రోజు ఇంటికి వచ్చాను. డిశ్చార్జి కాగితం మీద ఒక ఫోన్ నంబరు అచ్చు వేసి ఉంది. అది చాలనుకున్నాను. ఎనిమిదో రోజు పొద్దున చూసుకుంటే కుట్ల ఎడమ చివర ఎర్రగా, కాస్త ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మా అత్తమ్మ చూసి, "గింత దానికే ఏమైతది బిడ్డా, జర పసుపు పెట్టుకో, గుంజుతది" అన్నది. పాపం, ఆమె తెలిసింది ఆమె చెప్పింది. పసుపు పెట్టాను.

ఆ వారంలోనే మా ఆడపడుచు బిడ్డ ఓణీల ఫంక్షన్. ఇల్లంతా దాని పనుల్లో ఉన్నారు. ఈ టైములో "నాకు బాగాలేదు" అంటే ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నాను. మన ఆడవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు! కూరలో ఉప్పు తక్కువైతే పదిమందికి చెప్తాం, ఒంట్లో నొప్పి మాత్రం ఎవ్వరికీ చెప్పం.

పదో రోజు సాయంత్రానికి చలి, వణుకు. మా అమ్మాయి థర్మామీటర్ పెడితే 101. కాగితం మీది నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఎత్తే దిక్కు లేదు. ఇంట్లో పెద్ద ఫోన్లు రెండు. ఒకటి మావారి జేబులో, ఎరువుల దుకాణంలో. ఇంకొకటి అమ్మాయి కాలేజీ సంచిలో. నాది బటన్ల ఫోను, దాంట్లో ఫోటో రాదు. ఆ పొద్దు అమ్మాయి తొందరగా ఇంటికొచ్చింది కాబట్టి సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. డిశ్చార్జి రోజు పక్క మంచం ఆమె వార్డు నంబరు రాయించుకుంటుంటే, చూసి నేనూ స్కానింగు కవరు వెనక రాసుకున్నాను. ఆ కవరు బీరువా పైన దొరికింది. చేయగానే వార్డు సిస్టర్ ఎత్తింది. ఎంత నిదానంగా మాట్లాడిందో! "జ్వరం ఎంత? ఎప్పటి నుంచి? ఎరుపు రోజురోజుకూ పాకుతోందా? కారేది నీళ్లలా ఉందా, చీములా ఉందా? వాసన ఉందా? వాంతులున్నాయా? షుగరుందా?" అని అడిగి, పసుపు మెల్లగా తుడిపించి, ఫోటో పంపమంది.

అరగంటలో డాక్టరమ్మే ఫోన్ చేసింది. "చీము పట్టిందమ్మా. ఇంత దూరం రావద్దు. ఇప్పుడే వనపర్తిలో సర్జన్ దగ్గరికి వెళ్లండి, ఆయనతో నన్ను మాట్లాడించండి" అన్నది. ఆ రాత్రే వెళ్లాం. రెండు కుట్లు విప్పి చీము తీసేశారు. మందులు మార్చారు. ఆ తర్వాత పదిహేను రోజులు మా ఊళ్లోనే రోజూ కట్టు కట్టించుకున్నాను. మూడు రోజులకొకసారి ఫోటో పట్నం డాక్టరమ్మకు పోయేది. మొత్తం మీద హైదరాబాద్ మళ్లీ ఒక్కసారే పోయాను.

చివరిసారి చూపించుకున్నప్పుడు ఆమె ఒక్క మాట అన్నది. "రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఉంటే, బహుశా కుట్లు విప్పే పని లేకుండానే పోయేదమ్మా." ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ రెండు రోజులూ నేను ఫోన్ లేక ఊరుకోలేదు. నోరు లేక ఊరుకున్నాను.

ఇదేం కొత్త సంగతి కాదు

దూరాన ఉన్న డాక్టరుకు ఫోన్లో చూపించుకోవటం అంటే కొందరు నవ్వుతారు. "ఫోన్ల చూస్తే రోగం తెల్సుతదా?" అంటారు. అయితే వినండి. చిత్తూరు జిల్లా అరగొండ, అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డిగారి సొంతూరు. 2000 మార్చిలో ఆ పల్లెలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలో పేషెంటు, పట్నంలో డాక్టరు, మధ్యలో తీగె. అది ఇరవై అయిదేళ్ల కిందటి మాట.

మన పాలమూరుకు కూడా ఇలాంటి చరిత్ర ఉంది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు, మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తక్కిన రెండూ అనంతపురం, శ్రీకాకుళం. ఆ పథకం కింద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి, "ఇంటికి పోయినాక మళ్లీ చూపించుకోవటం, మందులు ఎలా?" అని తెలుసుకుని, ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్‌కు నియమాలు పెట్టింది. దాని ప్రకారం, ఒక డాక్టరు మిమ్మల్ని స్వయంగా చూసి ఆరు నెలలు దాటకపోతే, అదే జబ్బు గురించి ఫోన్లో మళ్లీ మాట్లాడటం 'ఫాలో-అప్' కిందికి వస్తుంది. ఫోన్లో తేలదు, రావాల్సిందే అని డాక్టరు అంటే మాత్రం మనం వెళ్లాల్సిందే. ఆ నియమాల్లోనే డాక్టరు తన పేరు చెప్పాలనీ ఉంది. కాబట్టి "ఎవరు మాట్లాడుతున్నారండీ?" అని అడగటం తప్పు కాదు, మన హక్కు. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి ఈ-సంజీవని ద్వారా ఇంట్లో కూర్చునే ప్రభుత్వ డాక్టర్లతో మాట్లాడే వీలు కూడా వచ్చింది.

బయటి దేశాల్లో దీన్ని పరీక్షించి కూడా చూశారు. బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో అత్యవసరంగా కడుపు ఆపరేషన్ అయిన 492 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టువాళ్లు మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు ఫోన్లో ప్రశ్నలకు జవాబులిచ్చి గాయం ఫోటో పంపారు. రెండో జట్టుకు మామూలు పద్ధతే. 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, గాయంలో ఇన్ఫెక్షన్‌ను మొదటి వారంలోనే కనిపెట్టటం ఫోన్ జట్టులో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఆఫ్రికాలోని రువాండాలో, కిరెహె జిల్లాలో, సిజేరియన్ అయిన తల్లుల ఇళ్లకు మన ఆశా అక్కల్లాంటి ఆరోగ్య కార్యకర్తలే వెళ్లి, ఫోన్లో ప్రశ్నలు చూసుకుంటూ గాయం పరీక్షించే పద్ధతి ప్రయత్నించారు. అక్కడి పల్లెతల్లుల కష్టం మనదే. దూరం, దారి, బస్సు, పసిబిడ్డ!

ఇదంతా ఎందుకంటే, గాయానికి చీము పట్టటం సాధారణంగా ఇంటికి వచ్చినాకే బయటపడుతుంది. ఆపరేషన్ అయిన 30 రోజుల దాకా ఆ భయం ఉంటుందని డాక్టర్లు లెక్క పెడతారు. ఆసుపత్రిలో ఉండేది నాలుగైదు రోజులు. మిగతా ఇరవై అయిదు రోజులూ మనల్ని చూసే నర్సు ఎవరు? మనమే!

ఆసుపత్రి గడప దాటే ముందు...

కాబట్టి ఇంటికి బయల్దేరే రోజు సామాను సర్దే ముందు ఈ పనులు చేయండి.

* ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, ఏ టైములో ఎత్తుతారు, రాత్రిపూట ఏ నంబరు? మూడూ అడిగి రాయించుకోండి. అక్కడే నిలబడి ఒకసారి చేసి చూడండి. మోగితేనే నంబరు, లేకపోతే వట్టి అంకెలు!

* వార్డు నంబరు కూడా తీసుకోండి. నన్ను కాపాడింది అదే.

* డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, రెండూ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. అసలు కాగితం ఒకే చోట, ఒకే ఫైల్లో. నాలాగా బీరువా పైన కాదు!

* "దేనికి ఫోన్ చెయ్యాలి? దేనికి వెంటనే రావాలి?" అని అడగండి. ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కోలా ఉంటుంది.

* ఎన్నాళ్లు బరువెత్తకూడదు, ఎప్పుడు స్నానం, ఎప్పుడు మెట్లు? ఇవన్నీ అప్పుడే అడగండి. ఇంటికొచ్చి బిందె ఎత్తినాక అడిగితే లాభం లేదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి

పాల లెక్క, చాకలి లెక్క రాసే మనకు ఇదేం కష్టం కాదు. ఒక డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. రోజూ పొద్దున, సాయంత్రం ఇవి రాయండి: జ్వరం ఎంత, నొప్పి పదికి ఎంత, గాయం ఎలా ఉంది, మూత్రం, విరేచనం సాఫీగా అయ్యాయా, ఏ మాత్రలు వేసుకున్నారు. డాక్టరు ఫోన్లో అడిగితే "మొన్నో అటు మొన్నో ఏమో" అని తడుముకోకుండా చూసి చెప్పొచ్చు. "కొంచెం జ్వరం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "నిన్న సాయంత్రం నుంచి 100.4" అంటే వాళ్లకు అంతా తెలుస్తుంది.

ఫోన్లో ఎలా మాట్లాడాలి?

అవతల ఉన్నవాళ్లకు రోజూ వంద ఫోన్లు. మన కథ ఆది నుంచి మొదలుపెడితే లాభం లేదు. ఒక్క నిమిషంలో ఇలా చెప్పండి:

"నమస్తే సిస్టర్. నా పేరు ఫలానా, నాకు నలభై అయిదేళ్లు. ఫలానా తేదీన, ఫలానా డాక్టరుగారు గర్భసంచి ఆపరేషన్ చేశారు. ఇవాళ పదో రోజు. రెండు రోజుల నుంచి కుట్లు ఎడమ పక్కన ఎర్రగా ఉన్నాయి. జ్వరం 101. షుగరు లేదు. ఈ మాత్రలు వేసుకుంటున్నాను. ఏం చేయాలి?"

చెప్పింది వినండి, నోటు పుస్తకంలో రాయండి, రాసింది తిరిగి వాళ్లకే చదివి వినిపించండి. మాత్ర పేరు అర్థం కాకపోతే మెసేజ్‌లో రాసి పంపమనండి. ఒక అక్షరం అటూ ఇటూ అయితే మందే మారిపోతుంది!

ఫోటో తీసే పద్ధతి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఫోను వెనక ఉండే అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవాలి. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయాలి. ఫ్లాష్ వేస్తే ఎరుపు ఎరుపులా కనపడదు. మూరెడు దూరం నుంచి ఒకటి, జానెడు దూరం నుంచి ఒకటి తీయండి. పక్కన, గాయాన్ని తగలకుండా, పిల్లల స్కేలు పెడితే ఎంత పాకిందో తెలుస్తుంది. గాయం మీద పసుపు, సున్నం, పౌడరు ఏదీ ఉండకూడదు. అవి రాస్తే అడుగున ఏముందో డాక్టరుకూ కనపడదు, మనకూ కనపడదు.

ఇక సిగ్గు సంగతి. కడుపు మీది కుట్లు ఫోటో తీయించుకోవాలంటే ఎవరికైనా ఇబ్బందే. మీ అమ్మాయితోనో, అక్కతోనో తీయించుకోండి. గాయం మేరకే కనపడేలా చుట్టూ చీర కప్పుకోండి. ఆసుపత్రి నంబరుకు మాత్రమే పంపండి. బంధువుల గ్రూపులో పొరపాటున పడకుండా నంబరు రెండుసార్లు చూసుకోండి. గాయం మానినాక ఫోన్లోంచి తీసేయండి. చీమును దాచిపెట్టే సిగ్గు మాత్రం వద్దమ్మా, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఫోటో చూపించుకునేది డాక్టరుకే. మందుల షాపు అతనికీ, ఊరి ఆర్‌ఎంపీకీ, "మా మరిదికి కూడా గిట్లనే అయింది" అనే చుట్టాలకూ కాదు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మళ్లీ వేసుకోవటం అసలే వద్దు.

ఫోన్ పట్టుకు కూర్చోకూడని వేళలు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా వీధిలో ఒక పెద్దావిడకు మోకాలి ఆపరేషన్ అయింది. పన్నెండో రోజు ఒక కాలి పిక్క ఉబ్బి, నొప్పి పుట్టింది. ఇంట్లోవాళ్లు కాపడం పెట్టారు. మర్నాడు ఆమెకు ఉన్నట్టుండి ఆయాసం. కొడుకు పట్నం డాక్టరుకు ఫోన్ల మీద ఫోన్లు... రెండు గంటలు! చివరకు పక్కింటి టీచరమ్మ వచ్చి, "డాక్టర్‌కు తర్వాత చేద్దువుగాని, ముందు 108కి చెయ్ నాయనా" అన్నది. పిక్కలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందట. సమయానికి అందింది కాబట్టి ఆ తల్లి ఇవాళ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

కాబట్టి ఇవి కనపడితే ఫోటోలు, మెసేజ్‌లు పక్కన పెట్టి 108కి చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తండి:

* ఆయాసం, ఛాతీలో నొప్పి, సొమ్మసిల్లటం.

* గంటలోపే ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, లేదా గాయం నుంచి ఆగని రక్తం.

* కుట్లు విచ్చుకోవటం.

* ఒకే కాలి పిక్క ఉబ్బి నొప్పి పుట్టటం.

* కడుపు ఉబ్బి ఆగని వాంతులు, గంటల తరబడి మూత్రం రాకపోవటం.

* చలి వణుకుతో పెద్ద జ్వరం, మాట తడబడటం.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మన రెండు రాష్ట్రాల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన నంబరు అది. బండి కదిలినాక డాక్టరుకు చెప్పండి. ముందు మనిషి, తర్వాత ఫోను.

దొంగ నంబర్లు... జాగ్రత్త!

ఆసుపత్రి నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతక్కండి. అక్కడ మోసగాళ్లు తమ నంబర్లు పెడుతున్నారు. "అపాయింట్‌మెంట్ కోసం పది రూపాయలు పంపండి, ఈ లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి" అంటే వెంటనే పెట్టేయండి. కాగితం మీద రాయించుకున్న నంబరే వాడండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు.

పత్యం సంగతి కూడా ఫోన్లోనే

మన ఇళ్లల్లో ఆపరేషన్ అయిందంటే మొదట బంద్ అయ్యేది పప్పు. "పప్పు తింటే చీము పడతది" అంటారు. పెరుగు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు. చారు మెతుకులే గతి! నేనూ పది రోజులు అదే తిన్నాను. డాక్టరమ్మను ఫోన్లో అడిగితే నవ్వింది. "గాయం పూడాలంటే కండబలం కావాలి కదమ్మా. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు తినకపోతే కొత్త కండ దేంతో వస్తుంది? చీము సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది గానీ పప్పు వల్ల కాదు" అన్నది. స్పీకర్ పెట్టి మా అత్తమ్మకు వినిపించాను. డాక్టరు నోటి నుంచి వినగానే ఆమే మర్నాడు పెసరపప్పు మెత్తగా ఉడకబెట్టి, ఇంత జీలకర్ర వేసి, మెత్తటి జొన్నరొట్టెతో తెచ్చి పెట్టింది. అందుకే పెద్దవాళ్లతో వాదించకండి, ఫోన్ వాళ్ల చెవి దగ్గర పెట్టండి! షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఏం తినాలో విడిగా అడిగి తెలుసుకోవాలి.

మరి ఫోను ఎవరి దగ్గర ఉంది?

చివరగా అసలు మాట. పైన చెప్పినవన్నీ జరగాలంటే ఫోను మన దగ్గర ఉండాలి. అది మగవాళ్ల జేబులో, పిల్లల ఆటల్లో ఉంటే మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చిన చలిజ్వరం రాత్రి తొమ్మిది దాకా ఎదురుచూడాల్సిందేనా?

నేను వనపర్తి నుంచి తిరిగొచ్చిన మర్నాడు మావారు దుకాణానికి పోతూ తన పెద్ద ఫోను నా తలగడ పక్కన పెట్టి, నా బటన్ల ఫోను జేబులో వేసుకున్నారు. "నాకు గిరాకీ వస్తే దీంట్ల మాట్లాడ్త తియ్యి. అది నీకాడ్నే ఉండనీ" అన్నారు. నేను అడగలేదు. అడిగి ఉంటే పదిరోజుల ముందే ఇచ్చేవారు. తప్పంతా ఆయనది అనుకున్నాను గానీ, అడగని తప్పు నాది కూడా.

కాబట్టి ఆపరేషన్‌కు పోయే ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. "నెల రోజులు ఈ ఫోను నాది" అని. వాట్సాప్‌లో ఫోటో పంపటం, స్పీకర్ పెట్టటం, నంబరు దాచుకోవటం పిల్లల దగ్గర నేర్చుకోండి. ఆవకాయ పాళ్లు కంఠతా వచ్చిన మనకు ఇది రాకపోవటమా! ఫోన్ చేస్తే డాక్టరు విసుక్కుంటారేమో, ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అని రెండు రోజులు ఆగకండి. అనవసరంగా చేసిన ఫోను ఎవర్నీ చంపదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఆపరేషన్ అయినా చూడటానికి పోయేటప్పుడు పండ్లతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను తీసుకుపోతున్నాను. ఎట్లున్నదని అడిగినాక రెండో మాట, "నంబరు రాయించుకున్నవా అక్కా?" మీరూ అడగండి. మీ పక్కింటి ఆమెను ఇవాళే అడగండి.